కారులో శవాల తలలు.. 50 దాటాక ప్రయోగాలు! మెదడు రక్తనాళాలను తొలిసారి చూపించిన డాక్టర్ ఎగాస్ మోనిజ్ కథ ఇదీ

వెబ్ డెస్క్: సుమారు వందేళ్ల కిందటి మాట. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఓ కారు వెళ్తోంది. అందులో కూర్చున్నది మామూలు మనిషి కాదు. దేశానికి విదేశాంగ మంత్రిగా పనిచేసిన పెద్దాయన. యూనివర్సిటీలో న్యూరాలజీ ప్రొఫెసర్. కారులో ఆయనతో పాటు ఉన్నవి మాత్రం.. శవాల నుంచి వేరు చేసిన తలలు! శరీర నిర్మాణ శాస్త్రం విభాగం నుంచి ఎక్స్‌రే మిషన్ ఉన్న ఆస్పత్రికి వాటిని తీసుకెళ్లేవారు. మధ్యలో యాక్సిడెంట్ అయితే జనానికి ఏం చెప్పుకోవాలన్న భయం ఆయన్ను వెంటాడేదట. ఈ సంగతి ఎవరో పుట్టించింది కాదు, చివరి రోజుల్లో ఆయనే తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నారు.

ఆయన పేరు ఎగాస్ మోనిజ్. ఇవాళ మన దగ్గర ఎవరికైనా పక్షవాతం వస్తే, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి మెదడులో అడ్డుపడ్డ రక్తం గడ్డను బయటకు లాగేస్తున్నారు కదా.. ఆ వైద్యానికి మొదటి మెట్టు వేసింది ఈయనే. అదే చేతులతో వైద్య చరిత్రలోనే అత్యంత వివాదాస్పదమైన ఆపరేషన్‌ను మొదలుపెట్టిందీ ఈయనే. విచిత్రం ఏంటంటే, నోబెల్ వచ్చింది మొదటి పనికి కాదు.. రెండోదానికి!

అసలు ఎవరీ మోనిజ్?

1874 నవంబర్ 29న పోర్చుగల్ ఉత్తర ప్రాంతంలోని అవాన్కా అనే పల్లెటూళ్లో పుట్టారు. అసలు పేరు చాలా పొడవు.. ఆంటోనియో కేటానో డి అబ్రూ ఫ్రెయిరే. కుటుంబానిది పాత జమీందారీ వంశం. 12వ శతాబ్దంలో పోర్చుగల్ తొలి రాజును పెంచి పెద్ద చేసిన ఎగాస్ మోనిజ్ అనే వీరుడి పేరును ఇంట్లోవాళ్లు పిల్లాడికి తగిలించారు. ఆ పేరే చివరికి నిలబడింది. చర్చి ఫాదర్ అయిన బాబాయే దగ్గరుండి చదివించారు.

కోయింబ్రా యూనివర్సిటీలో మెడిసిన్ పూర్తి చేశాక ఫ్రాన్స్ వెళ్లి బోర్డో, పారిస్ నగరాల్లో నరాల జబ్బుల వైద్యం నేర్చుకున్నారు. అప్పట్లో ఆ విద్యకు పారిస్‌ను మించిన చోటు లేదు. ఇంకా పాతికేళ్లు కూడా నిండకముందే గౌట్ జబ్బు ఆయన్ను పట్టుకుంది. కీళ్లు వాచిపోయి, చేతి వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. సూది కూడా సరిగ్గా పట్టుకోలేని పరిస్థితి. అందుకే జీవితాంతం ఏ ప్రయోగం చేసినా ఆలోచన ఆయనది, కత్తి పట్టే చెయ్యి వేరొకరిది. ఆ చెయ్యి పేరు అల్మెయిడా లిమా. ఆయన శిష్యుడైన యువ డాక్టర్. కథలో ఈ లిమా మళ్లీ మళ్లీ వస్తాడు.

డాక్టర్‌గా పేరు రాకముందే మోనిజ్ రాజకీయ నాయకుడు. 1903లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. రాజుకు వ్యతిరేకంగా జరిగిన కుట్రలో చెయ్యి ఉందన్న ఆరోపణతో 1908లో జైలుకూ వెళ్లొచ్చారు. 1910లో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చింది. మరుసటి ఏడాదే లిస్బన్ యూనివర్సిటీలో న్యూరాలజీ ప్రొఫెసర్ పోస్టు దక్కింది. 1917లో స్పెయిన్‌కు రాయబారి, 1918లో విదేశాంగ మంత్రి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్ శాంతి చర్చలకు పోర్చుగల్ బృందాన్ని నడిపించింది కూడా ఆయనే. ఓ రాజకీయ గొడవలో ప్రత్యర్థితో డ్యుయెల్‌కు కూడా దిగారు! ఆ తర్వాత రాజకీయాలంటే విరక్తి పుట్టింది. పూర్తిగా ఆస్పత్రికి వచ్చేశారు.

మన గోవాతో లింక్

ఇక్కడో ఆసక్తికరమైన విషయం. 1925లో మోనిజ్ ఒక పుస్తకం రాశారు. అది గోవాలో పుట్టిన మన మనిషి గురించి! పేరు అబే ఫారియా. 1756లో గోవాలోని కాండోలిమ్ గ్రామంలో పుట్టి, పోర్చుగల్ మీదుగా పారిస్ చేరి, హిప్నాటిజం చూపించి ఊరంతా తనవైపు తిప్పుకున్న క్రైస్తవ మతగురువు. నిద్రలోకి పంపే శక్తి హిప్నాటిస్ట్ చేతుల్లోనో, అయస్కాంతంలోనో లేదని, అది ఎదుటి మనిషి మనసులోనే ఉందని ఆ రోజుల్లోనే చెప్పినవాడు. పారిస్ జనం ఎగతాళి చేస్తే పేదరికంలో చనిపోయాడు. అలెగ్జాండర్ డ్యూమా నవల కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టోలో జైల్లో కనిపించే ముసలి ఫాదర్ పాత్రకు పేరు వచ్చింది ఈయన నుంచే. పనాజీలో పాత సెక్రటేరియట్ పక్కన ఓ స్త్రీని హిప్నటైజ్ చేస్తున్నట్టు ఉండే విగ్రహం ఈయనదే. గోవా ట్రిప్‌కు వెళ్లినవాళ్లు ఆ విగ్రహం పక్కన సెల్ఫీ దిగే ఉంటారు, ఎవరో తెలియకుండానే!

మూసిన పెట్టె లాంటి పుర్రె

1926 నాటికి మోనిజ్ వయసు 51. ఆ వయసులో చాలామంది ప్రొఫెసర్లు రిటైర్మెంట్ లెక్కలు వేసుకుంటారు. ఆయన కొత్త పని మొదలుపెట్టారు.

సమస్య ఏంటంటే.. ఎక్స్‌రే వచ్చింది 1895లో. విరిగిన ఎముక కనిపిస్తుంది, ఒంట్లో దిగిన బుల్లెట్ కనిపిస్తుంది. మెదడు మాత్రం కనిపించదు. పుర్రె ఎముక తెల్లగా పడుతుంది, లోపల ఉన్నదంతా ఒకే బూడిద రంగు. లోపల గడ్డ ఉందని డాక్టర్‌కు అనుమానం వచ్చినా, అది ఎక్కడ ఉందో తెలిసేది కాదు. అంచనా వేసి పుర్రె తెరవడమే. కుడివైపు ఉన్న గడ్డ కోసం ఎడమవైపు తెరిస్తే? రోగి పని అయిపోయినట్టే.

1918లో అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ ఒక దారి కనిపెట్టాడు. మెదడు లోపలి ఖాళీల్లో ఉండే నీరు తీసేసి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీయడం. పని చేస్తుంది. అయితే రోగికి నరకం. పుర్రెకు రంధ్రం పెట్టాలి, ఒక్కోసారి ప్రాణమే పోయేది.

మోనిజ్ ఆలోచన వేరు. మెదడు కనిపించకపోతేనేం.. మెదడుకు వెళ్లే రక్తనాళాలు కనిపిస్తే చాలు కదా! ఎక్స్‌రేను అడ్డుకునే మందేదైనా రక్తంలో కలిపితే నాళాలన్నీ చెట్టు కొమ్మల్లా పడతాయి. ఏదైనా కొమ్మ పక్కకు జరిగి ఉందంటే, దాన్ని నెట్టిన గడ్డ అక్కడ ఉన్నట్టే.

చెప్పడానికి సింపుల్. చేయడానికే చుక్కలు కనిపించాయి.

ఎక్స్‌రేలో బాగా కనిపించే మందు కావాలి. అది విషం కాకూడదు. రక్తంలో కరగాలి, గడ్డ కట్టించకూడదు. అప్పటికే మూర్ఛ రోగులకు వాడుతున్న బ్రోమైడ్ లవణాలతో మొదలుపెట్టారు. వరసగా ఒక్కో రసాయనాన్ని సీసాల్లో పోసి, పుర్రె ఎముక వెనక పెట్టి ఎక్స్‌రే తీసి చూశారు. ఆ తర్వాత కుక్కల మీద. ఆ తర్వాతే మొదట్లో చెప్పుకున్న తలలు. శవాల మెడ నాళాల్లో మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే తొలిసారి మెదడు రక్తనాళాల మ్యాప్ కళ్ల ముందుకు వచ్చింది. నిజానికి ఇది చాలా కీలకం. ఎందుకంటే అప్పటిదాకా బతికున్న మనిషి ఎక్స్‌రేలో ఏ నాళం ఎక్కడ ఉండాలో ఎవరికీ తెలియదు. నార్మల్ ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా, తేడా తెలిసేది.

ఒక ప్రాణం పోయింది

బతికున్న మనుషుల మీద ప్రయోగం మొదలైంది. స్ట్రాన్షియం బ్రోమైడ్ ద్రావణం. మెడలో కొట్టుకునే కెరోటిడ్ నాళంలోకి చర్మం పైనుంచే సూది గుచ్చి ఎక్కించారు. చిత్రాలు రాలేదు. మందు ఇలా వెళ్లి అలా కొట్టుకుపోతోంది. సరేనని మెడ దగ్గర చిన్న కోత పెట్టి నాళాన్ని బయటికి కనిపించేలా చేసి, కాసేపు రక్తాన్ని ఆపి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. సిరంజి లిమా చేతిలో, లెక్క మోనిజ్ నోట్లో.

ఆ క్రమంలోనే పార్కిన్సన్స్ లక్షణాలతో బాధపడుతున్న ఒక రోగికి ఇంజెక్షన్ ఇచ్చారు. చిత్రం వచ్చింది. కానీ మనిషి దక్కలేదు. రక్తం గడ్డకట్టి కొన్ని గంటల్లోనే చనిపోయాడు. ఏ మందు చిత్రాన్ని ఇచ్చిందో, ప్రాణం తీసింది కూడా అదే.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడ ఆగకుండా ముందుకెళ్లిపోతారు. కానీ ఆగాల్సింది ఇక్కడే. ఆ రోగి జబ్బుకు ఆ ఎక్స్‌రేతో ఒరిగేది ఏమీ లేదు. ప్రయోగం కోసమే అతని నాళంలో మందు ఎక్కింది. రోగి రాతపూర్వక అనుమతి, ఎథిక్స్ కమిటీ లాంటివి ఆ రోజుల్లో లేవు. ఇవాళ అయితే అదే రోజు అనుమతి రద్దయ్యేది, ఎంక్వైరీ పడేది. మోనిజ్‌ను ఆపింది ఆయన భయమే. ప్రయోగాలు నిలిపేశారు. చావుకు కారణం తన పద్ధతా, మందా అని తేల్చుకోవడానికి మళ్లీ ల్యాబ్‌కు వెళ్లారు. బ్రోమైడ్ పక్కన పెట్టి సోడియం అయోడైడ్‌కు మారారు. తక్కువ గాఢతలోనే బాగా కనిపిస్తుంది, నాళాలను అంతగా దెబ్బతీయదు.

1927 జూన్ 28. లిస్బన్‌లోని శాంటా మార్టా ఆస్పత్రి. 20 ఏళ్ల కుర్రాడు. పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ. లిమా మందు ఎక్కించాడు, ఎక్స్‌రే పడింది. ప్లేట్ కడిగి చూస్తే.. మెదడు రక్తనాళాలు స్పష్టంగా ఉన్నాయి. గడ్డ నెట్టడం వల్ల అవి ఉండాల్సిన చోటు నుంచి జరిగిపోయి కనిపిస్తున్నాయి. కుర్రాడు బతికే ఉన్నాడు! బతికున్న మనిషి మెదడు నాళాలను, లోపలి గడ్డ ఆనవాలుతో సహా, క్షేమంగా చూడగలిగిన తొలి సందర్భం అదే.

పది రోజులు కూడా తిరక్కుండానే, జులై 7న మోనిజ్ ఆ ప్లేట్లు పట్టుకుని పారిస్ న్యూరాలజీ సొసైటీలో ప్రత్యక్షమయ్యారు. తను విద్యార్థిగా నోట్స్ రాసుకున్న ఊళ్లో, తనకు పాఠం చెప్పిన గురువుల ముందు! 1928లోనే ఆయన పేరు నోబెల్‌కు నామినేట్ అయింది. రాలేదు.

ఆ మలుపునకు పేరు పెట్టిందీ ఆయనే

ఎక్స్‌రే ప్లేట్లలో మోనిజ్‌కు ఒక వింత మలుపు పదేపదే కనిపించింది. మెడలో నిటారుగా పైకెళ్లే కెరోటిడ్ నాళం, పుర్రెలోకి అడుగుపెట్టగానే అటు తిరిగి, ఇటు తిరిగి, పాములా మెలికపడి మెదడులోకి చేరుతుంది. దానికి ఆయన పెట్టిన పేరు కెరోటిడ్ సైఫన్. బాపట్ల, రేపల్లె, తెనాలి వైపు రైతులకు సైఫన్ అన్న మాట కొత్తేం కాదు. మురుగు కాల్వ అడ్డొస్తే దాని కింద నుంచి పంట కాల్వను వంచి దాటించే కట్టడాన్ని కృష్ణా డెల్టాలో అలాగే పిలుస్తారు. చెత్త అడ్డుపడేదీ, నీరు ఆగేదీ ఎక్కువగా అక్కడే. తలలో సైఫన్ సంగతీ డాక్టర్లకు అలాగే ఉంటుంది.

ఇప్పుడు సీన్ కర్లపాలెంకు మారుద్దాం. బాపట్ల జిల్లాలోని ఈ మండలంలో ఎవరికైనా తెల్లవారుజామున మూతి వంకరపోయి, ఒక చెయ్యి పడిపోయిందనుకోండి. మెదడుకు వెళ్లే పెద్ద నాళంలో రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. అలా అడ్డుపడిన ప్రతి నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్క. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పడాలి. పెద్ద నాళం మూసుకుపోతే ఒక్కోసారి ఇంజెక్షన్ సరిపోదు, గొట్టం పంపి గడ్డను లాగాలి. మామూలుగా 6 గంటల్లోపు, స్కానింగ్‌లో మెదడు ఇంకా కాపాడుకునేలా ఉందని తేలిన కొందరికి 24 గంటల దాకా ఈ చికిత్స చేస్తున్నారు. పావురం రక్తం రాయడం, నాటు మందు కోసం ఊళ్లు తిరగడం లాంటివి చేస్తే ఆ గంటలు కాస్తా రోడ్డు మీదే అయిపోతాయి. 108కు ఫోన్ కొట్టి, సీటీ స్కాన్, స్ట్రోక్ వైద్యం ఉన్న పెద్దాస్పత్రికి నేరుగా వెళ్లడం ఒక్కటే దారి.

అక్కడ క్యాథ్ ల్యాబ్‌లో ఏం జరుగుతుందంటే.. తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో నాళంలోకి గైడ్ క్యాథెటర్ అనే గొట్టం పంపుతారు. అది గుండె పక్క నుంచి మెడ దాకా వెళ్తుంది. దాని లోపల నుంచి ఇంకా సన్నటి గొట్టాలు, తీగలు మెదడులోకి పోతాయి. వయసు మీద పడ్డవాళ్లలో, ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో మెడ నాళాలు, ఈ సైఫన్ మరీ మెలికలు తిరిగి ఉంటాయి. లోపలి గొట్టాన్ని ముందుకు నెడితే అది ముందుకు పోదు, మెడలో ఉన్న పెద్ద గొట్టమే వెనక్కి జారి కిందకు వచ్చేస్తుంది. పట్టు దొరకదు. డాక్టర్లకు చెమటలు పట్టించే పరిస్థితి ఇది.

అలాంటప్పుడు పనికొచ్చేదే గైడ్ ఎక్స్‌టెన్షన్ క్యాథెటర్. పాత రేడియో యాంటెనా గుర్తుందా? ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం బయటికి లాగితే పొడవు పెరుగుతుంది కదా.. అచ్చం అలాగే. పొడవాటి తీగ చివర మెత్తటి చిన్న గొట్టం ఉంటుంది. పెద్ద గొట్టం లోపల నుంచి దీన్ని జార్చి, మెలిక దాటించి ముందుకు పంపుతారు. దారి పొడవు పెరుగుతుంది, వెనక నుంచి నెట్టే బలానికి దన్ను దొరుకుతుంది. మొదట గుండె నాళాల్లో స్టెంట్లు వేసేటప్పుడు ముందుకు కదలని చోట వాడటానికి తయారైంది. తర్వాత మెదడు డాక్టర్లు కూడా అవసరాన్ని బట్టి వాడుతున్నారు. ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. లోపలి దారి ఇంకాస్త ఇరుకవుతుంది. మెత్తగా నడపకపోతే నాళం గోడ గీసుకుని చీలిపోవచ్చు, రక్తం ఆడకుండా మూసేయనూవచ్చు. గుండె నాళాలతో పోలిస్తే మెదడు నాళాల గోడలు పల్చన, పొరపాటుకు అస్సలు చోటుండదు.

ఇదంతా చేసేటప్పుడు డాక్టర్ చూసేది రోగిని కాదు, స్క్రీన్‌ను. మందు ఎక్కించగానే స్క్రీన్ మీద నాళాలు నల్లటి కొమ్మల్లా విచ్చుకుంటాయి. ఆ బొమ్మే రోడ్ మ్యాప్. 1927లో మోనిజ్ ప్లేట్ మీద పడ్డ బొమ్మ అదే. మధ్యలో చాలామంది చెయ్యి వేశారు. 1953లో స్వీడన్ డాక్టర్ సెల్డింగర్ మెడ కొయ్యకుండా సూది, తీగ సాయంతో నాళంలోకి గొట్టం పంపే పద్ధతి కనిపెట్టాడు. మాస్కోలో సెర్బినెంకో చిన్న బెలూన్లను మెదడు నాళాల్లోకి పంపి చూపించాడు. 1990ల్లో గుగ్లియెల్మి కాయిల్స్ వచ్చాయి. గడ్డను లాగేసే చికిత్స మందు కన్నా మేలని 2015లో వరసగా వచ్చిన పరిశోధనలు తేల్చేశాయి.

మోనిజ్ కూడా గడ్డల దగ్గరే ఆగిపోలేదు. 1933లో మెదడు నాళం బెలూన్‌లా ఉబ్బిన అన్యూరిజాన్ని యాంజియోగ్రామ్‌లో చూపించారు. 1937లో, ఒకవైపు చచ్చుబడిన రోగుల్లో మెడ నాళమే మూసుకుపోయిందని బొమ్మలతో సహా ప్రచురించారు. పక్షవాతం అంటే మెదడులోనే ఏదో జరిగిందనుకునే రోజుల్లో, అడ్డు మెడలోనూ ఉండొచ్చని బతికున్న మనిషిలో చూపడం అది.

మంచి బొమ్మ.. చెడ్డ మందు

సోడియం అయోడైడ్ ఎక్కిస్తే రోగులకు నొప్పి, కొందరికి ఫిట్స్ కూడా వచ్చేవి. 1931 నుంచి మోనిజ్ బృందం థోరోట్రాస్ట్ అనే కొత్త మందుకు మారింది. నొప్పి లేదు, బొమ్మ అద్భుతం. ప్రపంచమంతా దాన్నే వాడింది. అందులో ఉన్నది థోరియం. అంటే రేడియోధార్మిక పదార్థం! ఒకసారి ఒంట్లోకి వెళ్తే బయటికి రాదు, కాలేయంలో, ప్లీహంలో కూర్చుని బతికున్నంత కాలం రేడియేషన్ వదులుతూనే ఉంటుంది. పదిహేనేళ్లకో, పాతికేళ్లకో కాలేయ క్యాన్సర్ బయటపడేది. ఆ బొమ్మ తీయించుకున్న సంగతి కూడా రోగి మర్చిపోయి ఉండేవాడు. 1950ల్లో గానీ దాని వాడకం ఆగలేదు. కొత్త మందు అప్పటికప్పుడు సేఫ్‌గా కనిపించడానికీ, నిజంగా సేఫ్ కావడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చెప్పడానికి డాక్టర్లు ఇప్పటికీ చూపించే ఉదాహరణ ఇదే.

మూడు నెలల్లోనే ఆపరేషన్!

1935 ఆగస్టు. లండన్‌లో న్యూరాలజీ మహాసభ. అమెరికా శాస్త్రవేత్తలు ఫుల్టన్, జాకబ్సన్ తమ చింపాంజీల గురించి చెప్పారు. వాటిలో ఒకదాని పేరు బెక్కీ. పనిలో తప్పు చేస్తే కోపంతో ఊగిపోయేది. మెదడు ముందు భాగాలు తీసేశాక ఆ కోపం మాయమైంది. సభలో మోనిజ్ ఉన్నారు. ఈ ఆలోచన తనకు అంతకుముందే ఉందని ఆయన తర్వాత రాసుకున్నారు. ఏదేమైనా లిస్బన్ తిరిగొచ్చాక ఎక్కువ రోజులు ఆగలేదు.

నవంబర్ 12న తీవ్రమైన డిప్రెషన్‌తో ఉన్న 63 ఏళ్ల మహిళకు పుర్రె పైన రెండు రంధ్రాలు పెట్టి, మెదడు ముందు భాగంలోని తెల్ల పదార్థంలోకి ఆల్కహాల్ ఎక్కించారు. అక్కడి నరాల దారులు తెగిపోవాలని! చేసింది మళ్లీ లిమానే. కొన్నాళ్లకు ఆల్కహాల్ మానేసి, లోపల తీగ తిప్పి కోసే ప్రత్యేక పరికరం చేయించారు. ల్యూకోటమీ అని పేరు పెట్టారు. 1936లో 20 మంది రోగుల ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. ఏడుగురికి నయమైందని, ఏడుగురు మెరుగయ్యారని, ఆరుగురిలో మార్పు లేదని లెక్క.

ఈ లెక్కలోనే ఉంది తిరకాసు. చాలామందిని గమనించింది వారాల పాటే. నయమైందంటే ఏంటో కొలిచే గట్టి పద్ధతి లేదు. చాలామంది రోగులను పంపిన మానసిక వైద్యశాల పెద్ద సోబ్రల్ సిద్‌కే అనుమానం వచ్చింది. వీళ్లకు జబ్బు తగ్గలేదు, మనిషే తగ్గిపోయాడన్నట్టు ఆయన వాదించారు. కొత్త రోగులను పంపడం ఆపేశారు. ఒక్క రోగి చనిపోతే ప్రయోగం ఆపి ల్యాబ్‌కు తిరిగి వెళ్లిన 1927 నాటి మోనిజ్, 1936 నాటి ఈ మోనిజ్ ఒక్కరేనా అనిపిస్తుంది. అప్పుడు తప్పు జరిగితే గంటల్లో శవం రూపంలో కనిపించింది. ఇప్పుడు రోగి లేచి నడుస్తున్నాడు, అరవడం లేదు. ఏం పోయిందో బొమ్మలో పడదు.

ఆపరేషన్ అమెరికా చేరింది. వాల్టర్ ఫ్రీమన్, జేమ్స్ వాట్స్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని లోబోటమీగా మార్చారు. 1946 నుంచి ఫ్రీమన్ కంటి పైనున్న పల్చటి ఎముక గుండా సన్నటి చువ్వను సుత్తితో కొట్టి దించే పద్ధతి పట్టుకుని ఊరూరా తిరిగాడు. అమెరికాలోనే పదుల వేల మందికి ఈ ఆపరేషన్లు జరిగాయి. తర్వాత అధ్యక్షుడైన జాన్ కెనడీ చెల్లెలు రోజ్‌మేరీకి 1941లో, 23 ఏళ్ల వయసులో చేశారు. ఆ తర్వాత ఆమె సరిగ్గా నడవలేక, మాట్లాడలేక 2005లో చనిపోయేదాకా సంరక్షణలోనే ఉండిపోయారు.

కాల్పులు.. నోబెల్

1939లో లిస్బన్‌లోని కన్సల్టింగ్ రూమ్‌లో ఉండగా ఓ మానసిక రోగి మోనిజ్‌పై తుపాకీతో వరసగా కాల్పులు జరిపాడు. 64 ఏళ్ల వయసులో అన్ని బుల్లెట్లు దిగినా ఆయన బతికి బట్టకట్టారు. లోబోటమీ చేయించుకున్న రోగే పగబట్టి కాల్చాడని సోషల్ మీడియాలో తిరిగే కథ నిజం కాదు. కాల్చిన వ్యక్తికి ఆ ఆపరేషన్ జరగలేదు. కథ బాగుందని షేర్ చేసేస్తున్నారు, అంతే.

1944లో ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు. 1945లో మెదడు యాంజియోగ్రఫీకి గానూ ఓస్లో యూనివర్సిటీ బహుమతి ఇచ్చింది. 1949లో నోబెల్ వచ్చింది, స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ హెస్‌తో కలిపి. ఒక పోర్చుగల్ పౌరుడికి నోబెల్ రావడం అదే మొదటిసారి. కమిటీ చెప్పిన కారణం.. కొన్ని రకాల మానసిక జబ్బులకు ల్యూకోటమీ ఉపయోగపడుతుందని కనుగొన్నందుకు! యాంజియోగ్రఫీకి కాదు. మరుసటి ఏడాదే సోవియట్ యూనియన్ ఆ ఆపరేషన్‌ను నిషేధించింది. మరికొన్నేళ్లకు క్లోర్‌ప్రోమజైన్ మాత్రలు వచ్చాయి. లోబోటమీ పని దాదాపు అయిపోయింది.

మోనిజ్ 1955 డిసెంబర్ 13న 81 ఏళ్ల వయసులో లిస్బన్‌లో చనిపోయారు. పిల్లలు లేరు. అవాన్కాలోని ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. లిస్బన్‌లో ఒక ఆస్పత్రికి ఆయన పేరే ఉంది. యూరో రాకముందు పోర్చుగల్‌లో చెలామణి అయిన 10,000 ఎస్కుడోల నోటు మీదా ఆయన బొమ్మే వేశారు.

అమెరికాలో లోబోటమీ బాధితుల కుటుంబాలు మాత్రం ఆ నోబెల్‌ను వెనక్కి తీసుకోవాలని చాలా ఏళ్లు పోరాడాయి. ఫలితం రాలేదు. ఒకసారి ఇచ్చిన బహుమతిని రద్దు చేసే అవకాశం నోబెల్ నిబంధనల్లోనే లేదు.